లోతు తప్పిన కోత

ఈ గోడకి బొజ్జ ఇంకా తగ్గలేదు. కిటికీకి కుడిపక్కన, నడుము ఎత్తులో, భుక్తాయాసంతో కూర్చున్నవాడి పొట్టలా ముందుకు పొడుచుకొచ్చి అలాగే ఉంది. అప్పుడు పసుపు రంగు, ఇప్పుడు లేత బూడిద రంగు, అంతే తేడా. రంగు మారిస్తే గోడ బుద్ధి మారుతుందా? పొద్దున కొత్త కబోర్డు పక్కపలకని ఆనించి చూస్తే పైనా కిందా వేలు దూరేంత సందు. కొత్త ఇంట్లో అయితే ఆ వంపుని అందుకోవడానికి నానా తంటాలూ పడాలి. ఇక్కడ ఆ తంటా లేదు, ఈ వంపు నా వీపుకి కంఠతా వచ్చు. ఈ ఇంటి కోడలిగా ఉన్నన్నాళ్లూ కుక్కర్ కూతల మాటున నేను ఆనుకుని ఏడ్చింది ఈ గోడకే. పలక మీద పెన్సిల్‌తో వంపు గీసి, కోత మిషన్ కెమెరా చేత ఆ గీతని చదివించి, దాని వెంటే కోసి ఆనిస్తే పలక గోడకి కరుచుకుపోయింది. మధ్యలో కాగితం కూడా దూరదు. వంకర గోడకి తిన్నని పలక అతకదు, పలకే వంకర పోవాలి. వంటింటి కబోర్డులు చేసేవాళ్లందరికీ తెలిసిన సంగతే ఇది. నేనే ఎందరిళ్లలోనో నవ్వుతూ చెప్పిన మాటే. ఇవాళ మాత్రం అది తలుచుకుంటే అరికాలి మంట నెత్తికెక్కుతోంది. పలకే ఎందుకు పోవాలి వంకర? ఎప్పుడూ పలకే ఎందుకు?

ఫోన్లో ఆ అమ్మాయి గొంతు వినగానే తెలియలేదు, తెలియడానికి అంతకుముందు విన్నదీ లేదు. "వంటింట్లోకి సొరుగులు చేయించాలండీ. మీరు ఇంటికే వచ్చి కోసి బిగిస్తారటగా" అంది, ఏదో తప్పు పని అడుగుతున్నట్టు మెల్లగా. తరవాత చిరునామా పంపింది. చదివి ఫోన్ని బోర్లా పెట్టేశాను. ఆ వీధి, ఆ మెట్లు, ఆ ఎడమ పక్క తలుపు. ఆ తలుపు తాళం ఏ వైపు తిప్పితే ఇరుక్కుంటుందో కూడా నాకు తెలుసు. పాలిష్ పడుతున్న గుడ్డ చేతిలోనే ఉండగా పిన్ని నా మొహం చూసి ఫోన్ తిరగేసి చదివింది. మా అమ్మ చెల్లెలు. నేను ఆ ఇల్లు వదిలి వచ్చినప్పుడు ఎందుకొచ్చావని అడగకుండా తలుపు తీసిన మనిషి. ఇప్పుడు మా షెడ్డులో నేను కోస్తాను, ఆవిడ పాలిష్ పెడుతుంది. "సవతి వంటింటికి సొరుగులు చేసిపెడతావటే? ఇంకా నయం, ఉయ్యాల చేయమనలేదు" అంది. నవ్వొచ్చింది గానీ నవ్వలేదు. ఎందుకు ఒప్పుకున్నావంటే నాకే తెలియదని ఆవిడతో అన్నాను. అబద్ధం. తెలుసు. అతను చూడాలి. నా చేతుల్లోంచి వచ్చిన పని తన వంటింట్లో, తన కళ్లెదురుగా, ఎక్కడా వేలెత్తి చూపడానికి సందు లేకుండా నిలబడి ఉంటే, రోజూ కాఫీ కలుపుకుంటూ అతను చూడాలి. అంత ముచ్చట పడి వచ్చానా, తీరా వస్తే దొరవారు ఇంట్లో లేరు. "భోజనానికి వచ్చేస్తారండీ" అంది ఆ అమ్మాయి. అప్పటినుంచీ ఒక చెవి మిషన్ మీద, ఒక చెవి తలుపు మీద. చెవులకి పెట్టుకున్న మఫ్‌లు కూడా అందుకే ఒకటి పక్కకి జరిపి పెట్టాను. చప్పుడుకి ఆ చెవి గుయ్యిమంటోంది. మననీ.

రెండు స్టాండ్ల మీద పాత చెక్క, దాని మీద సొరుగుకి టేకు ముందుపలక, కదలకుండా బిగించిన నాలుగు క్లాంపులు. పలక మీద నల్లచుక్కల టేపు వరసగా అంటించాను. మిషన్ కింద ఉన్న కెమెరా ఆ చుక్కలని చూసి తను ఎక్కడుందో తెలుసుకుంటుంది, నేను గీసిపెట్టుకున్న బొమ్మని తన చిన్న తెర మీద పలక మీదే గీసినట్టు చూపిస్తుంది. రెండు చేతులా పిడులు పట్టుకుని ఆ గీత వెంట నడిపించడమే నా పని. ఇది సొరుగు లాగడానికి వేళ్లు పట్టే గాడి, అర్ధచంద్రంలా, పలక మందంలో సగం దాకా. సొరుగు! ఒక్క సొరుగు కోసం నేను ఈ ఇంట్లో ఎన్నిసార్లు అడిగాను? గరిటెలకి, చాకులకి, దేవులాడుకోకుండా ఒక్క సొరుగు. "ఉన్నదాంతో సర్దుకోవడం రాకపోతే సొరుగుంటే మాత్రం సర్దుతావా?" అనేవాడు, మెల్లగా, చిరునవ్వుతో. అతను గొంతు పెంచి మాట్లాడగా ఈ వీధిలో ఎవరూ వినలేదు. అదే నా ఖర్మ. అరిచే మొగుడైతే ఇరుగుపొరుగు అయినా అయ్యో అనేవాళ్లు. ఇతను మెత్తటి కత్తి. "చూడు, నేను కోప్పడుతున్నానా?" అనేవాడు ప్రతిదానికీ చివర. కోప్పడలేదు కదా, మరి నీకేం బాధ అన్నట్టు. డబ్బాలన్నీ తన చేతికి అందే ఎత్తులో పై అరలో పెట్టించాడు, వంట చేసేది నేనైతే. రోజుకి పదిసార్లు స్టూలెక్కి దిగడం. ఇప్పుడు ఈ అమ్మాయి అడిగితే వంటిల్లంతా సొరుగులా? అడగంగానే? నేను అడిగితే సర్దుకో, ఈవిడ అడిగితే అందుకో. బాగుంది.

వేలు మిషన్ బొత్తాం మీద కొంచెం గట్టిగానే పడింది. కోసే బిట్టు దిగింది, టేకు వాసన లేచింది. మిషన్‌కి తగిలించిన గొట్టం పొట్టుని లాగేసుకుంటున్నా ఆ వాసనని లాక్కోలేదు. ఈ వాసన ఈ వంటింట్లో ఉండటం వింతగా ఉంది. నా రెండు బతుకులు ఒకదానికొకటి ఎదురుపడి మొహాలు చూసుకుంటున్నట్టు.

ఆ అమ్మాయి టీ పెట్టడానికి వచ్చింది. నేను మొదటి విడత కోత ముగించి మిషన్ ఆపాను. ఆవిడ పై అర కేసి చూసి, మునివేళ్ల మీద లేచి, అందక, మూలనున్న స్టూలు కాలితో లాగి ఎక్కింది. అదే స్టూలు. ఒక కాలు కింద అట్టముక్క మడిచి పెట్టింది నేనే, అది కూడా ఉంది ఇంకా. నాకన్నా పొట్టి ఈవిడ. నిలబడితే గట్టు రొమ్ముల దాకా వస్తుంది.

"కొత్త అరల ఎత్తు కూడా ఇంతేనా రాసిచ్చారు?" అన్నాను. అడగకూడదనుకుంటూనే అడిగాను.

"ఆయనే కొలిచి రాశారండీ. ఆయనకి అంతా పద్ధతిగా ఉండాలి."

"మరి మీకు అందద్దా?"

"అలవాటైపోయిందండీ" అని నవ్వింది. ఆ నవ్వు చూస్తే ఒళ్లు మండింది. ఆవిడ మీద. అవును, ఆవిడ మీదే. మొగుడి మీద కోపం తెచ్చుకోవడం చేతకాని ఆడదాన్ని చూస్తే నాకు కంపరం. ఎందుకంటే ఆ నవ్వు నాకు తెలుసు, అది నవ్వేటప్పుడు దవడ దగ్గర ఎక్కడ నొప్పి పుడుతుందో కూడా తెలుసు. సొరుగులు ఆవిడ అడిగి సాధించుకుందనుకున్నాను, కాదు. ఎవరో స్నేహితుడి ఇంట్లో అతనే చూసొచ్చాడట, ఉండాలన్నాడట. పని చేసేవాళ్లని మాత్రం నువ్వే వెతుక్కో, ఒక్క పనన్నా సొంతంగా చెయ్యి అన్నాడట. ఆవిడ ఇవన్నీ మామూలుగా చెప్పి, టీ నా పక్కన పెట్టి, బయటికి వెళ్లింది. నేనెవరో తెలిసినట్టు లేదు. తెలిస్తే ఇలా టీ ఇస్తుందా?

రెండో విడత. కోత పలకలోకి ఇంకొంచెం దిగింది. తెర మీద గీత, గీత చుట్టూ చిన్న వలయం, ఆ వలయంలోనే ఉండాలి నేను. ఉన్నాను. చేయి తన దారిన తను పోతుంటే మనసు గోళీ దగ్గరికి పోయింది. ఎక్కడికి పోకూడదో అక్కడికే పోతుంది, గడ్డి మేసే ఆవు గట్టు దాటినట్టు. నేను మొదట చేసిన వస్తువు చెప్పుల కబోర్డు. పక్కింటివాళ్ల రంపం అడిగి తెచ్చుకుని, వీడియోలు చూసి, వేళ్లకి పేళ్లు గుచ్చుకుని, అతను ఆఫీసుకి వెళ్లినప్పుడల్లా కాస్త కాస్త చేసి, ఒక సాయంత్రం గుమ్మం పక్కన పెట్టాను. ఆ రోజే ఎవరో భోజనానికి వచ్చారు. వాళ్లలో ఒకావిడ ముచ్చటపడి, "మీరే చేశారా!" అంది. అతను లోపలికి వెళ్లి, పూలకూజాలో అందం కోసం పోసిన గాజుగోళీల్లోంచి ఒకటి తెచ్చి, కబోర్డు పైన మధ్యలో పెట్టి వదిలాడు. అది ఒక్కక్షణం ఆలోచించింది. తరవాత మెల్లగా, తీరుబడిగా, కదిలి, ఎడమ అంచు దాకా వెళ్లి టప్పున కింద పడింది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. "సరదాకి! చూడు, నేను కోప్పడుతున్నానా?" అన్నాడు. అత్త కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు ఏడ్చిందట వెనకటికొకత్తె. నన్ను ఎవరూ కొట్టనూ లేదు, ఏడవడానికి కారణం చూపిద్దామంటే ఒక గోళీ తప్ప ఏమీ లేదు. ఆ తరవాత ఇంటికి ఎవరొచ్చినా ఆ ఆట తప్పలేదు. గోళీ కబోర్డు పైనే ఒక మూత కింద సిద్ధంగా ఉండేది. ఒకసారి అతను ఇటూ అటూ వెతుకుతుంటే నేనే తీసి అందించాను. అందించానే! ఆ చేయి ఇదే, ఇప్పుడు మిషన్ పిడి పట్టుకున్న ఈ కుడిచేయే. గోళీ దొర్లినందుకు కాదు, నేను అందించినందుకు ఆ ఇల్లు వదిలాను. కబోర్డుని ఒక్కదాన్నే మెట్ల మీదుగా ఈడ్చుకుంటూ దించాను. ప్రతి మెట్టుకీ అది ధడేల్మంటే, తలుపులు తెరుచుకుని అందరూ చూస్తుంటే, అతను పైనుంచి, "మెల్లగా, మూలలు విరుగుతాయి" అన్నాడు.

పనిలో దిగాక కూడా మాటలు తప్పాయా? ఈ మిషన్ తెచ్చుకున్న కొత్తలో తోటి పనివాళ్లు, "కంప్యూటరే కోస్తుందిగా, ఆవిడ ఊరికే పట్టుకుని నిలబడుతుంది" అన్నారు. కారు నడిపేవాణ్ణి ఎవడూ అలా అనడు. పట్టుకుని నిలబడితే తెలుస్తుంది. అవును, ఇదీ దిద్దుతుంది. నా చేయి పక్కకి జరిగితే బిట్టు తనంతట తను ఇటు జరిగి గీత మీదే ఉంటుంది. మరీ దారి తప్పితే పైకి లేచి ఆగిపోతుంది, నేను మళ్లీ గీత దగ్గరికి వచ్చేదాకా నోరు మూసుకుని చూస్తుంది. నలుగురిని పిలిచి చూపించదు. దిద్దుతుంది గానీ దిద్దానని చెప్పదు. ఇంత మర్యాద ఒక ఇనపముక్కకి ఎవరు నేర్పారో, తిండి తిని బట్ట కట్టుకున్న మనిషికి ఎవరూ ఎందుకు నేర్పలేదో. ఆ సంగతే అతని మొహం మీద అనాలి ఇవాళ. భోజనానికి వస్తాడుగా, రానీ. గొంతు పెంచకుండా, తన మెత్తటి గొంతే అరువు తెచ్చుకుని, ఒక్కొక్క మాటా. ముందు కబోర్డుల మీద గోళీ పెట్టి చూసుకోమంటాను. లేదు, గోళీ మాట నేనెత్తకూడదు, అతనే ఎత్తాలి. ఎత్తినప్పుడు, అప్పుడు, లోతు అంకె నొక్కాను, బొత్తాం నొక్కాను, ఆఖరి విడత, అప్పుడు నేను ఏమంటానంటే, మిషన్ ఎందుకో బరువుగా కదిలింది, నేను కోపంగా తోశాను, ఏమంటానంటే...

గాడిలోంచి తెల్లటి పొట్టు లేచింది.

టేకు పొట్టు తెల్లగా ఉండదు. కింద ఉన్న పాత చెక్క తెల్లది. మిషన్ ఆపేసరికి ఆలస్యమైపోయింది. వంగి చూస్తే అర్ధచంద్రం ఆ చివరినుంచి ఈ చివరిదాకా తెగి, పలకకి చిల్లుపడి ఉంది. తెర మీద అంకె చూశాను. పొద్దున గోడపక్క పలకని నిలువునా కోసినప్పటి అంకె. సగం లోతు ఇవ్వాల్సింది పోయి పూర్తి లోతు ఇచ్చాను. పక్కకి పోయే చేతిని ఈ మిషన్ దిద్దగలదు, నేనిచ్చిన అంకెని దిద్దలేదు. ఆ అంకె నాది. కాదు, ఆ అంకె అతనిది! ఇంట్లో లేకుండానే నా చేత తప్పు చేయించాడు. ఇన్నేళ్ల తరవాత, ఎన్ని వంటిళ్లు చేసి, ఎంత పేరు తెచ్చుకుని, ఈ వంటింట్లోకి వచ్చేసరికి చేతులు మళ్లీ ఆ చేతులే అయ్యాయి. పలకని ఎత్తి గోడకేసి కొట్టాలనిపించింది. ఆ బొజ్జ గోడకే. క్లాంపులు విప్పాను.

చప్పుడు ఆగిందని ఆ అమ్మాయి తొంగిచూసింది. పలకని చూసింది, నన్ను చూసింది. అయ్యో అనలేదు, ఇదేమిటని అడగలేదు. గబగబా వచ్చి పలకని నా చేతుల్లోంచి తీసుకుంది.

"ఇటివ్వండి. ఆయన వచ్చే వేళయింది, కనపడితే బాగోదు. మీరు ఆ పొట్టు తుడిచెయ్యండి."

"ఎక్కడికి తీసుకెళ్తున్నారు?" అంటూ వెనకే వెళ్లాను. వెనక వసారాలో వాషింగ్ మిషన్. దాన్ని తుంటితో ఒక్క తోపు తోసి, గోడకీ దానికీ మధ్య చేయి పెట్టింది. రోజూ చేసే పనిలా, కళ్లతో చూడకుండానే. పలక లోపలికి దిగలేదు, ఏదో అడ్డం వచ్చింది. నేను వంగి చూశాను. రెండు ముక్కలైన పింగాణీ పళ్లెం, ముక్కలు ఒకదానిలో ఒకటి పెట్టి రబ్బరు బ్యాండు వేసింది. దాని పక్కన మడతపెట్టిన తెల్ల చొక్కా, జేబు మీద ఇస్త్రీపెట్టె కాల్చిన గోధుమరంగు మచ్చ. మూత విరిగిన జగ్గు. ఇంకా లోపల ఏవో.

ఆవిడ మొహం పాలిపోయింది. వాషింగ్ మిషన్ మీద చేయి వేసి అలాగే నిలబడ్డాను.

"మీరెవరో నాకు తెలుసక్కా" అంది, నా వైపు చూడకుండా. "అటక సర్దుతుంటే ఒక అట్టపెట్టె దొరికింది. తువ్వాల్లో చుట్టిన గాజుమూత ముక్కలు, పిడి ఊడిన కప్పు. ఇవేంటని ఆయన్ని అడిగితే, 'అది దాని అలవాటు, అన్నీ దాచేది' అని నవ్వారు. అప్పటికే నా పళ్లెం ఇక్కడుంది. ఆయన నవ్వుతుంటే నా చేతులు చల్లబడిపోయాయి. మీరీ పని చేస్తున్నారని ఎవరో చెప్తే, సొరుగులు చేయించే వంక దొరికిందని పిలిచాను. ఒక్కటే అడుగుదామనుకున్నాను. పొద్దుటినుంచీ నోరు రావట్లేదు."

"ఏంటి?"

"ఇలా దాచుకోవడం... ఇది నాకే ఉన్న జబ్బా? మా అమ్మావాళ్లింట్లో నేనెప్పుడూ ఏదీ దాచలేదక్కా."

గాజుమూత. నేను మరిచేపోయాను. గోళీని ఇన్నేళ్లు ముద్దలా నోట్లో పెట్టుకు తిరిగిన నేను, ఆ మూత పగిలిన మధ్యాహ్నాన్ని పూర్తిగా మరిచిపోయాను. స్టూలెక్కి అటక మీదికి చేయి చాపి తువ్వాలు మూటని లోపలికి, ఇంకా లోపలికి తోసిన మధ్యాహ్నాన్ని. నాకు కోపం వచ్చిందని ఇంతసేపూ అనుకుంటున్నాను గానీ, కోపం అప్పటిదాకా రాలేదు. అప్పుడు వచ్చింది. దానికి ఊపు లేదు, వణుకు లేదు, అరవాలని కూడా లేదు. ఒక పళ్లెం పగిలితే ముక్కలకి రబ్బరు బ్యాండు వేసి దాచుకునే మనిషిని తయారు చేశాడు. ఒకరిని కాదు, ఇద్దరిని. చెయ్యెత్తకుండా, గొంతెత్తకుండా.

"నీ జబ్బు కాదు" అన్నాను. మీరు పోయి నువ్వు ఎప్పుడు వచ్చిందో తెలియలేదు. "నా జబ్బూ కాదు. ఆ పలక ఇటు తీసుకురా."

"ఆయన చూస్తారు."

"చూడనీ."

పలకని వంటగట్టు నడిమధ్యన, కిటికీ వెలుతురు పడేచోట, చిల్లు పైకి వచ్చేలా పెట్టాను. పాత చెక్క మీద కొత్త ముందుపలక పరిచి, టేపు అంటించి, క్లాంపులు బిగించాను. తలుపు తాళం ఇరుక్కున్న చప్పుడు వినిపించింది. తప్పువైపు తిప్పాడు, ఇప్పటికీ. ఆ అమ్మాయి ఫ్రిజ్‌కి ఆనుకుని నిలబడిపోయింది.

అతను వంటింటి గుమ్మంలో ఆగాడు. జుట్టు పల్చబడింది, నవ్వు పల్చబడలేదు. నన్ను చూసి ఒక్కక్షణం తడబడి, "నువ్వా! బావున్నావా?" అన్నాడు, రైల్లో పాత పరిచయస్తురాలు తగిలినట్టు. జవాబు కోసం ఆగలేదు. కళ్లు అప్పటికే కబోర్డుల మీద తిరుగుతున్నాయి. పక్కపలక దగ్గరికి వెళ్లి, గోడతో కలిసిన చోట గోరు పెట్టి పైనుంచి కిందికి గీశాడు. గోరు ఎక్కడా దిగలేదు. ఇంకోసారి గీశాడు. ఈ క్షణం కోసమే వచ్చాను కదా నేను, తీరా అది వస్తే ఏమీ అనిపించలేదు. అప్పుడు అతనికి గట్టు మీది పలక కనిపించింది. మొహం విచ్చుకుంది.

"ఇదేంటి?"

"నేను పాడుచేశాను" అన్నాను. "లోతు తప్పు ఇచ్చాను. ఇంకోటి చేస్తున్నా."

"నేను అప్పుడే అనుకున్నా..." అని తలాడించాడు. ఆ అమ్మాయి వైపు తిరిగి, "పనివాళ్లని నువ్వు వెతికితే ఇలాగే ఉంటుంది. చూడు, నేను కోప్పడుతున్నానా?"

ఆ అమ్మాయి తల వంచుకుని వసారాలోకి వెళ్లిపోయింది. అయిపోయింది, ఏడవడానికి వెళ్లింది అనుకున్నాను. వాషింగ్ మిషన్ నేలమీద రాసుకున్న చప్పుడు వినిపించింది. తిరిగి వచ్చి, పళ్లెం ముక్కలు రెండూ పలక పక్కన పెట్టింది. రబ్బరు బ్యాండు తీసి జేబులో వేసుకుంది.

"ఇది నేను పగలగొట్టాను" అంది. చొక్కా విప్పి, మచ్చ పైకి కనపడేలా పరిచింది. "ఇది నేను కాల్చాను. ఉండండి, ఇంకా ఉన్నాయి." మళ్లీ వసారాలోకి వెళ్లింది.

అతను గట్టు కేసి చూశాడు. నా కేసి చూశాడు. ఏదో ఒక మెత్తటి మాట కోసం పెదాలు తడుపుకుని, "చూడు..." అన్నాడు.

నేను లోతు అంకె ఒకసారి సరిచూసుకుని, మిషన్ ఆన్ చేశాను.